వంటిల్లు వేరైతే కుటుంబం వేరైనట్టేనా?

విశాఖ నుంచి చూస్తే యూనివర్సిటీలో కుటుంబం గురించిన చదువు

క్లుప్తంగా: "కుటుంబాలు విడిపోతున్నాయి" అని అందరూ అంటున్నారు. ఆ ఒక్క మాటలో ఇల్లు, కుటుంబం, బంధుత్వం అనే మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మూడూ ఒకే వేగంతో మారవు, ఒకే దిక్కుకూ మారవు. వాటిని విడదీసి, ఏది ఎందుకు మారిందో అడగడమే యూనివర్సిటీల్లో జరిగే కుటుంబ అధ్యయనం. సముద్రం, కొండలు, కార్ఖానాలు ఒకే చోట ఉన్న ఉమ్మడి విశాఖ జిల్లాలో ఈ తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక పాత నిబంధనను తీసేసింది. ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అర్హత ఉండదని 1994లో పెట్టిన నిబంధన అది. ఒక తరం మొత్తం "ఇద్దరు చాలు" అన్న మాట వింటూ పెరిగింది. ఇప్పుడు ప్రభుత్వ వేదికల మీద నుంచే ఎక్కువ మందిని కనమన్న పిలుపు వస్తోంది. మరోపక్క, 2011 తర్వాత జరగకుండా ఉండిపోయిన జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఎవరి ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది మళ్లీ దేశమంతా రాసుకునే సమయం ఇది.

ఇలాంటప్పుడు కుటుంబం గురించి చర్చ పెరగడం సహజం. చర్చ పెరిగినా స్పష్టత మాత్రం పెరగలేదు. డిగ్రీలోనో పీజీలోనో సోషియాలజీ తీసుకున్న విద్యార్థికి బంధువుల నుంచి ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "కుటుంబం గురించి కాలేజీకి వెళ్లి చదివేదేముంది? ఇంట్లో ఉంటే తెలియదా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. కుటుంబం గురించి ఎవరికీ తెలియనిది లేదన్న నమ్మకం దీని వెనక ఉంది. కానీ ఇంట్లో ఉంటే తెలిసేది ఆ ఒక్క ఇల్లే. అది కూడా ఒక స్థానం నుంచే తెలుస్తుంది. కొడుకుకు తెలిసిన ఇల్లూ కోడలికి తెలిసిన ఇల్లూ ఒకే ఇల్లు అయినా, ఇద్దరినీ విడివిడిగా అడిగితే రెండు ఇళ్ల కథలు బయటికొస్తాయి.

ఒక పొయ్యి, ఒక ఇల్లు

జనగణనలో కుటుంబం అంటే రక్తసంబంధం కాదు, వంటిల్లు. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో వండిన భోజనం తినేవాళ్లంతా ఒక లెక్క. లెక్కపెట్టే పనికి ఈ నిర్వచనం బాగానే సరిపోతుంది. దాన్ని పట్టుకుని సమాజం గురించి తీర్పు చెప్పినప్పుడే చిక్కు వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పాలకొండ దగ్గర పల్లెలో తల్లిదండ్రులున్నారు. పెద్దకొడుకు గాజువాకలో వెల్డర్. చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పొలం ఇంకా పంచుకోలేదు. పంట చేతికొచ్చాక బియ్యం బస్తాలు గాజువాకకు వస్తాయి. పెద్దవాడి కూతురి ఇంజినీరింగ్ ఫీజులో సగం చిన్నవాడు కడతాడు. చిన్నకోడలి పురుడు తర్వాత అత్తగారు ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉండి వస్తుంది. జనగణన పట్టికలో ఇవి మూడు చిన్న ఇళ్లు. డబ్బు, ధాన్యం, చాకిరీ, పెళ్లి నిర్ణయాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూస్తే మాత్రం ఇది ఒకే కుటుంబం.

ఈ తేడాను భారతీయ సామాజిక శాస్త్రం చాలాకాలం కిందటే గుర్తించింది. గుజరాత్‌లోని మహువా పట్టణంలో ఐ.పి. దేశాయ్ చేసిన అధ్యయనం 1964లో వచ్చింది. ఉమ్మడితనాన్ని ఒకే కప్పు కింద ఎంతమంది ఉన్నారన్న దానితో కొలవకూడదని, ఆస్తి, ఆదాయం, పరస్పర బాధ్యతల్లో చూడాలని ఆయన వాదించారు. ఆ తర్వాత ఎ.ఎం. షా ఇల్లు వేరు, కుటుంబం వేరు అని పరిభాషలోనే గీత గీశారు. పూర్వం అందరూ పెద్ద ఉమ్మడి కుటుంబాల్లోనే ఉండేవారన్న నమ్మకాన్నీ ఆయన ప్రశ్నించారు.

షా లేవనెత్తిన ఆ ప్రశ్న ముఖ్యమైనది. "పూర్వం అందరూ కలిసుండేవారు" అనే మాట ఇప్పటి బాధల్లో సగానికి పునాది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. పసిపిల్లల మరణాలు ఎక్కువ కావడం వల్లే సగటు అంత కిందికి పడిపోయిందన్నది నిజమే. అయినా తాతనూ అమ్మమ్మనూ చూస్తూ పెరిగిన మనవలు అప్పట్లో ఇప్పటికంటే తక్కువే. మూడు తరాలు ఒక ఇంట్లో ఉండాలంటే ముందు మూడు తరాలూ బతికి ఉండాలి. భూమి ఉన్న ఇళ్లలో ఆస్తి చెక్కుచెదరకుండా అన్నదమ్ములు కలిసి ఉన్నారు. కూలి చేసుకునే ఇళ్లలో కలిసి ఉండటానికి పట్టి ఉంచే ఆస్తే లేదు. ఉమ్మడి కుటుంబం అందరి గతమన్న మాట నిజానికి కొందరి గతం.

ఇళ్లు కాగితం మీద విడిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ప్రభుత్వ పథకాల నిర్వచనం. పెన్షన్, బియ్యం, ఇంటి స్థలం, ఏది తీసుకున్నా "కుటుంబం" అంటే కార్డు. కొడుక్కి ఉద్యోగం వచ్చి ఆదాయం పెరిగితే తల్లిదండ్రుల అర్హత ప్రమాదంలో పడుతుంది. అందుకే పెళ్లైన ఏడాదికల్లా రైస్ కార్డు స్ప్లిట్ కోసం గ్రామ, వార్డు సచివాలయం మెట్లెక్కడం మామూలైపోయింది. కింద వాటాలో అమ్మానాన్నలు, పై వాటాలో కొడుకూ కోడలూ ఉంటారు. కూర గిన్నె మాత్రం మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. కార్డుల సంఖ్య చూసి కుటుంబాలు విడిపోయాయని లెక్కగడితే, నిబంధన పుట్టించిన ఫలితాన్ని మనుషుల మనసు మారిన ఫలితమని పొరబడినట్టవుతుంది.

"కజిన్" అన్న మాటతో వచ్చే చిక్కు

కుటుంబం గురించిన చాలా సర్వే ప్రశ్నలు ఇంగ్లీషులో తయారై తెలుగులోకి వస్తాయి. అక్కడే తెలుగువాళ్ల బంధుత్వంలోని కీలకమైన గీత చెరిగిపోతుంది. చిన్నాన్న కొడుకూ మేనమామ కొడుకూ ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే. తెలుగులో మొదటివాడు అన్నో తమ్ముడో. రెండోవాడు బావో బావమరిదో అవుతాడు. ఒకరితో పెళ్లి ఊహకే అందని విషయం. ఇంకొకరితో పెళ్లిని చాలా కులాలు కోరి చేసుకున్నాయి. పెదనాన్న, చిన్నాన్న తండ్రి వరస. పెద్దమ్మ, పిన్ని తల్లి వరస. మేనమామ, మేనత్త మాత్రం అవతలి వరస, వియ్యమందే వరస. భర్త తండ్రినీ తల్లి అన్నదమ్ముణ్నీ ఒకే "మామ" అన్న పిలుపుతో పిలవడంలో ఆ పెళ్లి నియమమే దాగి ఉంది.

ఇది పండితులకు కొత్త సంగతేమీ కాదు. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన పెద్ద బంధుత్వ పట్టికల్లో తమిళ, కన్నడ పదాలతో పాటు తెలుగు పదాలూ ఉన్నాయి. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో ఉత్తర, దక్షిణ భారత బంధుత్వాలను పోల్చినప్పుడు ఈ తేడానే ముందుకు తెచ్చారు. ఉత్తరాదిలో అమ్మాయి తెలియని ఊరికి, తెలియని ఇంటికి వెళుతుంది. మేనరికం ఉన్న చోట మాత్రం అత్తగారు చిన్నప్పటి నుంచి ఎరిగిన మేనత్తే కావచ్చు. కోడలి స్థితి, పుట్టింటికి రాకపోకలు, ఆస్తి బయటికి పోతుందా లేదా అన్నవన్నీ ఈ తేడాతో ముడిపడి ఉన్నాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. దక్షిణాది మేనరికాలు చట్టబద్ధంగా నిలిచింది ఆ మినహాయింపు మీదే.

ఇప్పుడు మేనరికాలు తగ్గుతున్నాయి. ఎందుకని అడిగితే వెంటనే వచ్చే జవాబు "పిల్లలకు జబ్బులొస్తాయని తెలిసింది" అనే. అది నిజమైన కారణమే. చదువుల్లో వచ్చిన తేడా మరో కారణం. బీటెక్ చదివిన అమ్మాయికి ఇంటర్‌తో ఆగిపోయిన బావను చేసే రోజులు పోయాయి. కానీ వీటి కింద, పెద్దగా చర్చకు రాని ఒక లెక్క ఉంది.

ప్రతి జంటకూ ఐదుగురు పిల్లలు బతికి పెద్దవాళ్లయ్యారని, అందులో ఆడా మగా సమానమని అనుకుందాం. ఒక అబ్బాయి తల్లికి నలుగురు తోబుట్టువులుంటారు. వాళ్లలో సగటున ఇద్దరు మేనమామలు. తండ్రి వైపు కూడా అలాగే ఇద్దరు మేనత్తలు. ఈ నలుగురికీ ఐదుగురేసి పిల్లలంటే ఇరవై మంది. వాళ్లలో మరదలి వరస అమ్మాయిలు పది మంది. ఇప్పుడు ప్రతి జంటకూ ఇద్దరే పిల్లలు అనుకుందాం. తల్లికి ఒక్కరే తోబుట్టువు, ఆ ఒక్కరు మగవాడయ్యే అవకాశం సగం. తండ్రి వైపూ అంతే. రెండు వైపులా కలిపి మేనమామో మేనత్తో సగటున ఒక్కరు. వాళ్ల పిల్లలు ఇద్దరు. అందులో అమ్మాయి ఒకరు. ఆమె వయసులో చిన్నదై ఉండాలన్న నియమం కూడా కలిపితే ఆ ఒకటి సగమవుతుంది. పది నుంచి ఒకటికి, ఆ ఒకటిలో సగానికి. ఒక్కరే పిల్ల అన్న పద్ధతి రెండు తరాలు నడిస్తే మేనమామ, మేనత్త, బావ, మరదలు అన్న మాటలకు మనుషులే ఉండరు.

ఎవరూ మేనరికం మానేద్దామని నిర్ణయించుకోకపోయినా ఈ లెక్క దాని పని అది చేస్తుంది. ఇష్టాయిష్టాలు మారడాన్నీ, అవకాశమే లేకుండా పోవడాన్నీ వేరు చేసి చూపించగలగడం కుటుంబ అధ్యయనం ఇచ్చే ముఖ్యమైన నైపుణ్యం.

జాబితాకెక్కిన 1034 పెళ్లిళ్లు

ఈ ప్రాంతంలో కుటుంబ జీవితాన్ని అంకెల్లోకి ఎక్కించే ప్రయత్నం ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టడానికి ముందే జరిగింది. విజయనగరం మహారాజు ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. గురజాడ అప్పారావు 1897లో "కన్యాశుల్కం" నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఆ వివరాలున్నాయి. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు, అంటే ఏడాదికి సగటున 344. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లు. ముగ్గురికి ఏడాది.

ఆ జాబితాలో విషయం ఎంత ముఖ్యమో పద్ధతి కూడా అంతే ముఖ్యం. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని గురజాడే అక్కడ చెప్పారు. ఈ రోజు వరకట్నం మీద ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లే విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బందీ సరిగ్గా ఇదే. 1961 నుంచి కట్నం నేరం. కాబట్టి "కట్నం ఎంత ఇచ్చారు?" అని అడిగితే "ఏమీ లేదండీ" అనే జవాబు వస్తుంది. "అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఏం పెట్టారు?" అని అడిగితే ఎకరాలు, తులాలు, కారు అన్నీ వరసగా బయటికి వస్తాయి.

ఇంకా లోతైన ప్రశ్న ఒకటుంది. అబ్బాయి వైపు నుంచి అమ్మాయి తండ్రికి వెళ్లిన డబ్బు రెండు మూడు తరాల్లో దిక్కు మార్చుకుని అమ్మాయి వైపు నుంచి అబ్బాయికి ఎలా వెళ్లింది? ఆశ పెరిగిందనే జవాబు సరిపోదు. ఆశ అప్పుడూ ఉంది. మారింది కొరత. జీతం వచ్చే ఉద్యోగాలు, ఇంగ్లీషు చదువులు ముందు కొద్దిమంది మగపిల్లలకే దక్కాయి. అలాంటి వరుడు అరుదైపోయాడు, ధర అటు తిరిగింది. అదే సమయంలో ఆడవాళ్లను పొలం పని నుంచి తప్పించడం పరువుగా మారింది. ఆడదాని కష్టానికి విలువ కట్టినన్నాళ్లూ ఆ విలువను పోగొట్టుకునే పుట్టింటికి ఓలి, అంటే అబ్బాయి వైపు నుంచి ఇచ్చే డబ్బు, ముట్టజెప్పారు. ఆమె పనిని పనిగా లెక్కించడం మానేశాక పుట్టింటివాళ్లే ఎదురు ఇవ్వాల్సి వచ్చింది.

ఈ వాదనకు బలమిచ్చే పోలిక అదే పాత జిల్లాలో ఉంది. పాడేరు, అరకు వైపు కొండల్లో ఆడా మగా పోడులో సమానంగా పనిచేసే చాలా తెగల్లో ఓలి ఆచారం నిలిచింది. పొసగకపోతే ఓలి తిరిగిచ్చి మారుమనువు చేసుకోవడానికీ దారి ఉంది. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడం పెద్ద సంచలనం. కష్టజీవుల కులాల్లో, ఆదివాసుల్లో మాత్రం మారుమనువు అంతకు ముందు నుంచే మామూలు విషయం. సంస్కరణ చరిత్రను ఒక్క వర్గం వైపు నుంచే చదివితే ఇది కనపడదు.

భూమిని పంచవచ్చు, ఉద్యోగాన్ని పంచలేరు

విశాఖ నగరం కుటుంబాల్ని మార్చిన తీరు ఒక్కో పేటలో ఒక్కోలా ఉంది. 1933లో ఓడరేవు తెరిచారు. 1940ల్లో నౌకా నిర్మాణం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాయి. అంతకుముందు ఉత్తరాంధ్ర మగవాళ్లకు డబ్బు కళ్లజూడాలంటే దారి "రంగం" వెళ్లడం, అంటే రంగూన్. మగవాళ్లు నెలల తరబడి లేని ఇళ్లను ఆడవాళ్లు నడిపారు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించినప్పుడు లక్షల మంది భారతీయులు నడిచి వెనక్కి రావాల్సి వచ్చింది. వలస వల్ల కుటుంబాలు చెదరడం ఐటీ ఉద్యోగాలతో మొదలైందనుకునేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

ఉక్కు కర్మాగారం కోసం భూములు పోయిన కుటుంబాలకు ఆర్ కార్డులు (నిర్వాసితుల కార్డులు) ఇచ్చి, కుటుంబానికో ఉద్యోగం అన్న హామీ ఇచ్చారు. కుటుంబ అధ్యయనానికి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం. పొలం ఉన్నప్పుడు నలుగురు కొడుకులకూ తలా కొంత దక్కేది. ఉద్యోగాన్ని నాలుగు ముక్కలు చేయలేరు. కార్డు ఎవరి పేరున ఉండాలి, ఉద్యోగం ఎవరికి, దక్కినవాడు దక్కనివాళ్లకు ఏం బాకీ, కూతుళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నలు అన్నదమ్ముల గుణగణాల నుంచి పుట్టలేదు. పంచుకోవడానికి వీలైన ఆస్తి పోయి, వీల్లేని ఆస్తి రావడం వల్ల పుట్టాయి. ఉద్యోగం వచ్చినవాడికి క్వార్టర్ వచ్చింది. క్వార్టర్ భార్యాభర్తలు, ఇద్దరు పిల్లల కొలతకు కట్టిన ఇల్లు. ఆస్పత్రి కార్డులో ఎవరి పేర్లుండాలో కంపెనీ నియమం చెబుతుంది. చిన్న కుటుంబం అన్న ఆలోచన పుస్తకాల నుంచి ఎంత వచ్చిందో, ఆ గోడల కొలతల నుంచీ అంత వచ్చింది.

జాలరిపేటలో కథ వేరు. సముద్రంలో వేట మగవాళ్లది, ఒడ్డున అమ్మకం ఆడవాళ్లది. చేపల బుట్ట ఎత్తుకున్న మనిషి చేతిలోనే రోజువారీ డబ్బు తిరుగుతుంది కాబట్టి ఆ ఇళ్లలో ఆడవాళ్ల మాటకు ఒక బరువుంది. మర పడవలు, హార్బర్ వేలం, ఎగుమతి రొయ్యలు వచ్చాక పెద్ద సరుకు నేరుగా వ్యాపారుల చేతికి పోవడం మొదలైంది. ఆదాయం పెరిగినా, ఇంట్లో డబ్బు ఎవరి చేతి మీదుగా నడుస్తుందన్నది మారింది. సగటు ఆదాయం లెక్కలో ఈ మార్పు కనపడదు.

అడిగే తీరులోనే సగం చదువు

ఇలాంటివి బయటపడాలంటే అడగడం తెలిసి ఉండాలి. "మీరేం పని చేస్తారమ్మా?" అంటే "ఏం లేదు, ఇంట్లో ఖాళీగానే ఉంటాను" అని జవాబొస్తుంది. నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా గంట గంటకూ ఏం చేశారని అడిగితే నీళ్లు పట్టడం, టిఫిన్లు, మామగారి మందులు, మిషన్ మీద నాలుగు జాకెట్లు, పిల్లల హోంవర్క్ అన్నీ వస్తాయి. ఈ పద్ధతిలోనే 2019లో దేశవ్యాప్తంగా తొలి కాల వినియోగ సర్వే జరిగింది. జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. ప్రశ్న మార్చకపోతే ఆ ఐదు గంటలూ "ఖాళీ" కిందే పోయేవి.

"ఇంటి యజమాని ఎవరు?" అన్న ప్రశ్నా ఇలాంటిదే. పక్షవాతంతో మంచాన ఉన్న పెద్దాయన పేరే చెబుతారు. ఇల్లు నడిపేది కోడలి జీతం కావచ్చు. చెప్పిన జవాబు అబద్ధం కాదు, అది ఆ ఇంటి మర్యాద. మర్యాదనూ వాస్తవాన్నీ విడివిడిగా రాసుకోవడం విద్యార్థికి నేర్పాలి. వంశవృక్షం గీసుకోవడం, జీవిత కథ చెప్పించుకోవడం, ఒకే ఇంట్లో ఇద్దరిని వేరువేరుగా అడగడం, అనుమతి లేకుండా ఏదీ రాయకపోవడం, పేర్లు మార్చడం, ఇవన్నీ ఆ శిక్షణలో భాగం. అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలి జవాబు మారిపోతుందన్న చిన్న విషయం కూడా పుస్తకంలో కంటే పెందుర్తిలోనో అక్కయ్యపాలెంలోనో నాలుగు ఇళ్లు తిరిగితేనే బాగా వంటబడుతుంది.

ఎక్కడ, ఏ విభాగంలో

1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, సైకాలజీ విభాగాలున్నాయి. కేంద్ర ఆరోగ్య శాఖ నిధులతో నడిచే జనాభా పరిశోధన కేంద్రం, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట మహిళా అధ్యయన కేంద్రం కూడా ఉన్నాయి. సబ్బవరంలోని న్యాయ విశ్వవిద్యాలయంలో కుటుంబ చట్టం చెబుతారు. ఒకే ఇంటిని వీళ్లు వేర్వేరు ప్రశ్నలతో చూస్తారు. జనాభా శాస్త్రం ఎంతమంది, ఏ వయసులో అని అడుగుతుంది. ఆంత్రోపాలజీ వరసలు, ఆచారాలు చూస్తుంది. సోషియాలజీ కులం, వర్గం, పని ఆ ఇంట్లోకి ఎలా వచ్చాయో చూస్తుంది. సోషల్ వర్క్ ఇప్పుడు ఆ ఇంటికి ఏ సాయం కావాలని ఆలోచిస్తుంది.

ఉద్యోగాల సంగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నిజమైన టెన్షన్. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి బోధన వైపు వెళ్లడం, సివిల్స్‌లో సోషియాలజీ, ఆంత్రోపాలజీ ఐచ్ఛికాలుగా తీసుకోవడం, ఆరోగ్య సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు, కౌన్సెలింగ్, శిశు సంక్షేమం ప్రధానమైన దారులు. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గవి కావు. ఆ విషయం కోర్సులో చేరేముందే తెలుసుకోవడం మంచిది. తెలుగులో పాఠ్యపుస్తకాల కొరత ఇంకో పెద్ద లోటు. వరసల గురించి ఇంత పదసంపద ఉన్న భాషలో పుట్టిన విద్యార్థి, వాటినే ఇంగ్లీషు పదాల్లో బట్టీ పట్టి పరీక్ష రాయాల్సి రావడం బాధ కలిగించే విషయం.

పిల్లలు ఎందుకు తగ్గారు, దాంతో ఏం మారుతోంది

1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటి ఐదో సర్వేలో ఇప్పటి రాష్ట్రంలో 1.7. దేశం మొత్తం మీద 2.0. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఆడవాళ్ల చదువు, పెళ్లి వయసు పెరిగితే పిల్లలు తగ్గుతారన్నది సాధారణ సూత్రం. ఆంధ్రలో అది పూర్తిగా అలా జరగలేదు. అదే ఐదో సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లైనవాళ్లున్నారు. దేశ సగటు 23 శాతం. పెళ్లి తొందరగా అయింది, ఇద్దరు పిల్లలు వెంటవెంటనే పుట్టారు, ఆపరేషన్ అయిపోయింది. పెళ్లైన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రం ఇది. మగవాళ్ల ఆపరేషన్లు నామమాత్రం. కాబట్టి జననాల రేటు తగ్గడాన్ని చూసి స్త్రీల నిర్ణయాధికారం ఆ మేరకు పెరిగిందనుకోవడానికి వీల్లేదు. పిల్లల్ని ఎక్కువ కనమన్న పిలుపు కూడా మళ్లీ అదే శరీరాల మీదికి వస్తోందన్న సంగతి ఈ చర్చలో ఎక్కువగా వినపడాలి.

దీని ప్రభావం ముసలితనం మీద ఎలా పడుతుందో కూడా లెక్కతోనే చూడవచ్చు. ఐదుగురు పిల్లలున్న రోజుల్లో అందరూ ఆడపిల్లలే అయ్యే జంటలు ముప్ఫై రెండింటిలో ఒకటి. ఇద్దరే అయితే నాలుగింటిలో ఒకటి. ఒక్కరే అయితే రెండింటిలో ఒకటి. కొడుకు లేని ఇళ్లకు పాత సమాజంలో రెండు దారులుండేవి: దత్తత, లేదా ఇల్లరికపు అల్లుడు. అవి అరుదైన పరిస్థితికి చేసుకున్న ఏర్పాట్లు. నాలుగో వంతు ఇళ్ల పరిస్థితి అదే అయినప్పుడు ఏర్పాటే మారాల్సి వస్తుంది.

చట్టం కొంత ముందుకు నడిచింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే వచ్చింది. దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్నా, "పెళ్లప్పుడు పెట్టాం కదా" అన్న మాటతో చాలా చోట్ల ఆ వాటా కాగితం మీదే ఆగింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం పోషించాల్సిన బాధ్యతను కొడుకుతో పాటు కూతురి మీద కూడా పెట్టింది. ఆచారం మాత్రం ఇంకోలా ఉంది. కూతురి ఇంట్లో భోంచేసి ఉండిపోవడం, అల్లుడి నీడన బతకడం చిన్నతనంగా భావించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఎంతోమంది.

ఈ రెండింటి మధ్య విశాఖలో ఒక కొత్త అమరిక కనిపిస్తోంది. ఊళ్లో ఇల్లు అమ్మేసి, లేదా అద్దెకిచ్చి, మధురవాడలోనో సీతమ్మధారలోనో కూతురు ఉండే అపార్ట్‌మెంట్‌లోనే, లేదంటే పక్క వీధిలో, తల్లిదండ్రులు చిన్న ఫ్లాట్ తీసుకుంటున్నారు. తలుపు వేరు, కరెంటు బిల్లు వేరు. పొద్దున్న కూతురు ఆఫీసుకెళితే మనవడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. సాయంత్రం టిఫిన్ క్యారియర్ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళుతుంది. అది ఏ రోజు ఎటు వెళుతుందో ఆ రోజు ఎవరికి ఓపిక ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. జనగణన ఉద్యోగి వచ్చి ఇక్కడ వంటిల్లు ఒకటా రెండా అని అడిగితే ఆ తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏదో ఒక జవాబు చెబుతారు.